ఇంట్లో చేయించిన బాణాల టార్గెట్: కొన్నదానికంటే ఇదే నయం

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మా విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. అప్పటినుంచి మా పెద్దపాప విల్లు కావాలని పట్టుబట్టి సాధించుకుంది. 24 పౌండ్ల రికర్వ్ విల్లు. అంటే కొసలు ముందుకి వంగి ఉండే విల్లు, 24 పౌండ్లన్నది దాని బరువు కాదు, తాడు లాగడానికి పట్టే బలం. ఇంటి వెనక ఖాళీ స్థలంలో పది మీటర్ల దూరం నుంచి వేస్తుంది.

మొదట ఆన్‌లైన్‌లో కొన్న ఫోమ్ టార్గెట్ వాడాం. తేలిగ్గా ఉండేది, చూడ్డానికీ బాగుండేది. కానీ బాణాలన్నీ పడేది నడిమధ్యనే కదా! ఒక్క వేసవి గడిచేసరికి అక్కడ గుల్లయిపోయి బాణాలు అవతలికి దూసుకుపోవడం మొదలైంది. చుట్టూ ఫోమ్ కొత్తదానిలాగే ఉన్నా మొత్తం పారేయాల్సి వచ్చింది. నాకు చాలా బాధనిపించింది.

ఈసారి వడ్రంగి చేత చేయించాం. ఫోమ్ షీట్లను నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు పట్టీలుగా కోసి ఒకదానిమీద ఒకటి పేర్చాడు. కింద, పైన మందపాటి చెక్కలు. రెండు పక్కలా నిలువునా మరలున్న ఇనుప రాడ్లు వేసి నట్లతో బాగా బిగించాడు. పట్టీల అంచులు మనవైపు ఉండాలి, అదే అసలు కిటుకు. బాణం ఫోమ్‌ని చీల్చుకుంటూ పోకుండా రెండు పట్టీల మధ్య దూరుతుంది. ఆ ఒత్తిడే దాన్ని పట్టి ఆపుతుంది. మధ్యలో వదులైతే నట్లు ఇంకో చుట్టు తిప్పితే సరి. బాగా అరిగితే మధ్య పట్టీలు కిందకి, కింద పట్టీలు మధ్యకి మార్చుకోవచ్చు. కొన్నదాంట్లో ఈ వీలు ఎక్కడుంది?

ఇబ్బందులూ ఉన్నాయి. బరువెక్కువ, జరపాలంటే ఇద్దరు కావాలి. కొత్తలో బాణం బిర్రుగా పట్టేస్తుంది. రాపిడి వేడికి ఫోమ్ కరిగి బాణానికి అంటుకుంటుంది కూడా. మొన వైపు కాస్త సబ్బు రుద్దితే తేలిగ్గా వస్తుంది. లాగేటప్పుడు ఒక చెయ్యి టార్గెట్‌కి ఆనించి, రెండో చేత్తో బాణాన్ని టార్గెట్ దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగాలి. లాగేవాళ్ల వెనక పిల్లల్ని నిలబడనివ్వకండి, బాణం వెనకచివర కంట్లో పొడుచుకుంటుంది. గురి చూసే వలయాల కాగితం సరిగ్గా మధ్యలో అంటించండి, రాడ్‌కి తగిలితే బాణం పాడైపోతుంది.

గోనెసంచిలో పాత బట్టలు కూరినా అప్పుడే మొదలెట్టిన పిల్లలకి సరిపోతుంది. గుండీలు, జిప్పులు తీసేసి కూరాలి. బట్టలు కిందకి దిగిపోతుంటాయి కాబట్టి పైన మళ్లీ మళ్లీ నింపుతుండాలి. వానకి తడవనివ్వకూడదు.

ఏది వాడినా వెనక ప్రహరీగోడ తప్పనిసరి. మేం గోడకి ముందు పాత జంపఖానా వదులుగా వేలాడదీశాం. గురి తప్పిన బాణం దానికి తగిలి వేగం తగ్గుతుంది, గోడకి కొట్టుకుని విరగదు.

మా పాప విల్లుకైతే ఈ చేయించిన టార్గెట్‌కి ఐదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను. కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలుండేది) ఉన్న ఇళ్లకి మాత్రం ఫోమ్ ఇదే కొలత సరిపోతుందని చెప్పను. దాని దెబ్బ వేరు.