సగం మత్తా, పూర్తి మత్తా: ఏది మేలు?

మా అత్తమ్మకు 74 ఏళ్లు. ఉప్పల్‌లో ఇంట్లోనే, బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ తప్పదన్నారు. వార్డు బయట చుట్టాల పంచాయితీ మొదలైంది. "నడుముల సూది ఏస్తే జన్మంతా నడుం నొప్పే" అని చిన్నమామ. "ఈ వయసుల పూర్తి మత్తిస్తే లేస్తదా?" అని వదిన.

నేను సగం మత్తు వైపే ఉన్నాను. వెన్నులో సన్నని సూదితో మందు వేస్తే నడుము కింద మొద్దుబారుతుంది, గొంతులో గొట్టం అక్కర్లేదు. వినడానికి అదే క్షేమం.

కానీ లెక్కలు అలా లేవు. అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1,600 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి చూశారు. ఫలితం 2021లో వచ్చింది. రెండు నెలల్లోపు చనిపోయినవాళ్లు, వాకర్ పట్టుకుని కూడా సొంతంగా నడవలేకపోయినవాళ్లు కలిపి సగం మత్తులో 18.5 శాతం, పూర్తి మత్తులో 18 శాతం. ఆపరేషన్ తర్వాత కొందరు పెద్దవాళ్లు మనుషుల్ని గుర్తుపట్టరు, ఏదేదో మాట్లాడతారు. అది పూర్తి మత్తు వల్లేనని మన నమ్మకం. చైనాలో 950 మందిలో చూస్తే సగం మత్తులో 6.2 శాతం, పూర్తి మత్తులో 5.1 శాతం. తేడా లేనట్టే.

మత్తు మీద పంచాయితీ హైదరాబాద్‌కు కొత్త కాదులెండి. 1889లో ఆరో నిజాం డబ్బుతో, అప్పట్లో వాడే మత్తుమందు క్లోరోఫాం మీద వేసిన కమిషన్ ఇక్కడే వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఊపిరి చూసుకుంటే చాలు, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని తేల్చేసింది. ఆపగలదని 1911లో లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద చూపించాడు.

చిన్నమామ మాటకొస్తే, సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది, కొందరికి తలనొప్పి వస్తుంది. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పిని దీనికి అంటగట్టడం అన్యాయం. సగం మత్తులో బీపీ పడిపోవచ్చు, పూర్తి మత్తు తర్వాత గొంతు నొప్పి, వాంతులు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకు సాధారణంగా సగం మత్తు వైపే మొగ్గుతారు.

ఇంతా వాదించుకున్నాక మత్తు డాక్టర్ వచ్చి అడిగింది వేరే. "ఏం మాత్రలు వాడుతున్నరమ్మా?"

స్టెంట్ వేసినప్పటి నుంచి అత్తమ్మ వేసుకునే, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ మాత్ర సంగతి మేమెవరం చెప్పలేదు. ఆ మాత్ర పని చేస్తుండగా వెన్నులో సూది గుచ్చితే లోపల రక్తం చేరి నరాలను నొక్కే ప్రమాదం ఉంది. దాని ప్రభావం పోవాలంటే 5 నుంచి 7 రోజులు ఆగాలి. విరిగిన తుంటితో అన్ని రోజులు మంచాన ఉంచితే నిమోనియా, పుండ్లు, కాళ్లలో రక్తపు గడ్డలు. అందుకే పూర్తి మత్తిచ్చి చేసేశారు.

మర్నాడు వాకర్ పట్టించి నిలబెడితే వదిన వీడియో తీసి చిన్నమామకు పంపింది.