టెన్స్ యంత్రం: కరెంటు అందని మోకాలికీ ఉపశమనం

మోకాళ్ల అరుగుదలకు ఫిజియోథెరపిస్టు సూచించగా ఈ టెన్స్ యంత్రాన్ని, అంటే చర్మానికి అంటించిన ప్యాడ్ల ద్వారా స్వల్ప కరెంటు పంపి నొప్పి తగ్గించే పరికరాన్ని, కొన్నాను. అప్పటినుంచి ఏళ్ల తరబడి వాడుతున్నాను. మోడ్లు, బ్యాటరీ వివరాలు పెట్టె మీదే ఉంటాయి కనుక, దాని రెండో ఛానెల్ గురించి, అంటే కుడి మోకాలి ప్యాడ్లకు వెళ్లే తీగ గురించి మాత్రమే చెబుతాను.

చర్మానికి తెలిసీ తెలియనంత తక్కువ స్థాయిలో పెట్టుకోవడం నా అలవాటు. రెండు మోకాళ్లకూ ప్యాడ్లు అంటించి, పచ్చ లైటు వెలగగానే కుర్చీలో వాలితే, అరగంటలో రెండు వైపులా పోటు తగ్గేది. ఒకనాడు స్థాయి పెంచి చూస్తే ఎడమకాలు చిమచిమలాడింది, కుడికాలిలో ఉలుకూ పలుకూ లేదు. టీవీలు బాగుచేసే కుర్రవాడు మల్టీమీటరు పెట్టి చూసి, కుడివైపు తీగకు పిన్ను మెడ దగ్గర తొడుగు చీల్చి, లోపల తెగి నల్లబడిన రాగి పోగులు చూపించాడు. "ఇది ఇవాళ తెగింది కాదండీ" అన్నాడు. లైటుకు తీగతో పనిలేదు. బ్యాటరీ ఉంటే చాలు, వెలుగుతుంది. అంటే చాలాకాలంగా నా కుడి మోకాలికి అందినవి ప్యాడ్ల చల్లదనమూ నా నమ్మకమూ మాత్రమే.

దీన్ని ఉత్త భ్రమ అనడానికి లేదు. జ్ఞానదంతాలు తీయించుకున్న రోగులపై లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ 1978లో ప్రచురించిన అధ్యయనంలో, ఉత్తుత్తి మందుతో ఉపశమనం పొందినవారికి నాలోక్సోన్ ఇస్తే నొప్పి పెరిగింది. నాలోక్సోన్ మార్ఫిన్ వంటి మందుల ప్రభావాన్ని అడ్డుకుంటుంది కనుక, ఆ ఉపశమనం వెనుక ఒంట్లోనే పుట్టి నొప్పిని అణచే ఎండార్ఫిన్లు ఉండాలని వారు భావించారు. మోకాళ్ల సంగతికే వస్తే, హ్యూస్టన్‌లో 180 మందిపై జరిపి 2002లో వెల్లడించిన పరిశోధనలో, చర్మంపై కోతలు మాత్రమే పెట్టి కుట్టేసినవారికీ, ఆర్థ్రోస్కోపీతో (చిన్న కోతలోంచి కెమెరా గొట్టం దూర్చి) కీలు లోపల శుభ్రం చేసినవారికీ రెండేళ్ల తర్వాత కూడా నొప్పిలో తేడా కనిపించలేదు.

కొత్త తీగ దొరికేలోపు, తెగిందని తెలిసీ పాతదే తగిలించి చూశాను. ఉపశమనం కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అందులో అరగంట విశ్రాంతి వాటా ఎంతో, దానంతటదే హెచ్చుతగ్గులయ్యే నొప్పి వాటా ఎంతో విడదీయలేను. మాత్రల అవసరమే లేకుండా పోయిందని బంధువులతో అనేవాణ్ణి. నిజానికి చలికాలంలో అవి తప్పడం లేదు, మెట్లు దిగేటప్పటి పట్టు ఏనాడూ సడలలేదు.

మాత్రలతో కడుపులో మంట వచ్చే నాకు, తీరిక కూడా ఉన్నందువల్ల, ఈ ధరకు ఇది గిట్టుబాటే. పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. కీలు వాచి ఎర్రబడినవారు ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోవడం మేలు.