ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ: కడప కరెంటులో రెండేళ్ళు

మా ఇల్లు కడపలో, ఎర్రముక్కపల్లి వైపు. పగలు పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను, రాత్రి పది దాటాక గేములు ఆడతాను. రెండు పనులకూ ఒకటే కంప్యూటరు. 2024 సంక్రాంతికి ఏఎండీ కంపెనీవాళ్ళ రేడియాన్ ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నాను, 53 వేలు పడింది. ఇప్పటికి రెండేళ్ళు నిండాయి. కొన్న మొదటి ఐదు నెలల్లో ఈ కార్డును వెనక్కి ఇచ్చేద్దామని రెండుసార్లు డబ్బాలో సర్దాను. ఈరోజు ఎవరైనా వచ్చి "దీన్ని కొనమంటావా అన్నా" అని అడిగితే కొనమనే చెప్తాను. మధ్యలో ఏం జరిగిందో రాయాలని ఎన్నాళ్ళుగానో ఉంది. ఇదే బాధ పడుతూ కార్డును తిట్టుకునే పిల్లలు మా వైపు నెలకొకరైనా తగులుతున్నారు.

ముందు లక్షణం చెప్తాను. వాలరెంట్ నాలుగు గంటలు ఆడినా ఏమీ కాదు. జీటీఏ 5 కూడా బాగానే నడిచేది. సైబర్‌పంక్ 2077 పెట్టి, 1440పీ రెజల్యూషన్‌లో సెట్టింగులు పైకి లేపి, ఊరి నడిబొడ్డున కారు తోలుతుంటే మాత్రం పది, పదిహేను నిమిషాలకు స్క్రీను నల్లబడేది. హెడ్‌ఫోన్సులో చివరి శబ్దం ముక్క డర్ర్‌మని ఒక్క క్షణం సాగేది, ఆ వెంటనే కంప్యూటరు దానంతటదే రీస్టార్టయ్యేది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ మెసేజీ లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిసాల్వ్‌లో నాయిస్ రిడక్షన్ పెట్టి రెండర్ చేస్తున్నా, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా తీస్తున్నా, అప్పుడప్పుడూ అదే వరస. పెళ్ళివాళ్ళకు ఇస్తానని మాటిచ్చిన రోజున సగం రెండరులో మిషను ఆరిపోతే ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది.

విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రతిసారీ ఒకటే కనిపించేది: కెర్నల్ పవర్ 41. ఈ 41 చూడగానే చాలామంది పవర్ సప్లై (కేబినెట్టులో అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) పోయిందని తేల్చేస్తారు. కంప్యూటరు సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్ళీ లేచిందని మాత్రమే ఆ నంబరు చెబుతుంది. ఎందుకు పడిపోయిందో చెప్పదు. దాంతోపాటు డిస్‌ప్లే 4101 అని కూడా ఉంటే దారి వేరు. కార్డు పలకడం మానేసింది, విండోస్ డ్రైవరును (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను) రీసెట్ చేసి లేపింది అని దానర్థం. మామూలుగా విండోస్ 2 సెకన్లు చూస్తుంది, అప్పటికీ జవాబు రాకపోతే రీసెట్ చేస్తుంది. అలాంటప్పుడు ఎక్కువగా గేము మూసుకుపోతుంది గానీ మిషను మొత్తం ఆరిపోదు. నాకు 4101 ఒక్కసారి కూడా రాలేదు. ఆ తేడా మొదటిరోజే పట్టుకుని ఉంటే నాకు రెండు నెలలు మిగిలేవి.

అందరూ చేసేవే నేనూ చేశాను. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్లన్నీ ఊడ్చేసి కొత్తది వేశాను. మార్పు లేదు. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగు తీసేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపాను, ఒక్క తప్పూ చూపలేదు. వేడి చూస్తే కార్డు 66 డిగ్రీలు, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడెక్కే చోటు) 83. ఈ కార్డుల్లో హాట్‌స్పాట్ 110 వరకు వెళ్ళొచ్చు, కాబట్టి వేడి కాదు. ఇక మిగిలింది కార్డే అనుకుని డబ్బాలో పెట్టి బెంగళూరు సర్వీస్ సెంటరుకు కొరియర్ చేశాను. పద్దెనిమిది రోజులకు "లోపమేమీ లేదు" అని చీటీ అంటించి తిప్పి పంపారు. సరిగ్గా మాఘమాసం పెళ్ళిళ్ళ సీజను అది. ఆ రోజుల్లో పాత కార్డుతో చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

తిరిగొచ్చిన రాత్రి డ్రైవరు సాఫ్ట్‌వేర్‌లో గేము మీదే వాట్లు చూపించే ఓవర్‌లే పెట్టుకుని, ఎఫ్‌పీఎస్‌ను (సెకనుకు వచ్చే ఫ్రేములను) 60కి కట్టేసి అదే గేము ఆడాను. కార్డు 150 వాట్ల చుట్టూ తిరిగింది, మూడు గంటలు ఆడినా ఏమీ కాలేదు. కట్టు తీసేశాను. వాట్లు 250 దాటాయి. పదకొండు నిమిషాలకు స్క్రీను నల్లబడింది. గేము అదే, డ్రైవరు అదే, వేడి రెండుసార్లూ హద్దు లోపలే. అసలు మారింది కార్డు లాగే కరెంటు.

అప్పుడు కేబినెట్టు పక్క తలుపు తీసి, పవర్ సప్లైని బయటికి లాగి, నేల బండల మీద పెట్టి ఫోను టార్చితో దాని స్టిక్కరు చదివాను. ఆరేళ్ళ కిందటిది. 550 వాట్లని పెద్ద అక్షరాలు. కింద చిన్న గడుల్లో ఒక్కో వోల్టేజీకి ఎన్ని ఆంపియర్లో రాసుంటుంది. 12 వోల్టుల కింద 34 ఆంపియర్లని ఉంది. 12ను 34తో గుణిస్తే 408 వాట్లు. మిగతావి 3.3, 5 వోల్టుల లైన్లవి, కార్డుకూ ప్రాసెసరుకూ అసలు తిండి 12 వోల్టుల నుంచే. ఈ కార్డుకు ఏఎండీ చెప్పిన లెక్క 263 వాట్లు, నా ప్రాసెసరు రైజెన్ 5 5600 లోడు మీద 76 దాకా లాగుతుంది, ఫ్యాన్లు డ్రైవులు వేరే. కాగితం మీద 408 లోపలే ఉంది కదా అనిపిస్తుంది. అయితే గ్రాఫిక్స్ కార్డు ఒకే ధారగా కరెంటు తాగదు. కొన్ని మిల్లీసెకన్ల పాటు ఆ సగటుకు బాగా పైకి ఎగిరి దిగుతూ ఉంటుంది. ఓవర్‌లేలో కనిపించేది సగటు మాత్రమే, ఆ ఎగరడం కనిపించదు. ఆరేళ్ళు కడప ఎండలు తిన్న పవర్ సప్లై ఆ ఎగురుడుకు చేతులెత్తేసేది. ఈ కార్డుకు కనీసం 700 వాట్లది ఉండాలని ఏఎండీయే చెప్పింది. నేను 550 అనే అంకె చూసి సర్దుకుపోతుందిలే అనుకున్నాను.

ఇంకోటి కూడా అక్కడే దొరికింది. కార్డుకు రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లు ఉంటాయి. నేను ఒకే తీగకు ఉన్న రెండు తలలనూ రెండింటికీ గుచ్చాను. ప్రమాణం ప్రకారం ఒక్కో ఎనిమిది పిన్నుల కనెక్టరు 150 వాట్లకు. రెండింటి బరువూ ఒక్క తీగ మీద పడ్డట్టయింది. చివరి తల ప్లాస్టిక్కు అంచున లేత గోధుమరంగుకు తిరిగి ఉంది, వేలితో రుద్దినా పోలేదు. కొత్తది 750 వాట్లది తెచ్చాను, దాని 12 వోల్టుల లైనుకు 62 ఆంపియర్లు. రెండు సాకెట్లకూ రెండు వేర్వేరు తీగలు. 8,500 అయింది. ఆ రోజు నుంచి క్రాష్ ఆగిపోయింది. ఒక మాట: పాత పవర్ సప్లై తీగలు కొత్తదానికి సరిపోయినట్టు కనిపించినా గుచ్చొద్దు. పవర్ సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది, ఏదో ఒకటి కాలిపోతుంది.

మే నెలలో మళ్ళీ మొదలైంది. ఈసారి రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్యలోనే. పగలు ఎంత ఆడినా కాదు, తెల్లవారుజామున కాదు. వాట్ల లెక్క సరిపోయాక కూడా ఇలా అయితే ఇంక కార్డే అనుకుని రెండోసారి డబ్బా బయటికి తీశాను.

దాన్ని ఆపింది మా అమ్మ. పక్కగదిలో పడుకుని ఉండేది. "నాయనా, ఫ్యాను గుయ్యిమన్నప్పుడల్లా నీ కంప్యూటరు ఆరిపోతాంది, చూసినావా?" అనింది. నేను చూడలేదు. హెడ్‌ఫోన్సు పెట్టుకుంటే సీలింగ్ ఫ్యాను మోత ఎక్కడ వినపడుతుంది? మరుసటి రాత్రి హెడ్‌ఫోన్సు తీసేసి ఆడాను. హాల్లో ఇన్వర్టరు టక్కుమంది, ఫ్యాను గుయ్యిమంది, నా స్క్రీను నల్లబడింది. మూడూ ఒకేసారి.

జరిగింది ఇది. ఎండాకాలం రాత్రి మా వీధిలో ఏసీలన్నీ నడుస్తాయి, వోల్టేజీ పడిపోతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే తొమ్మిదింటికి 172 వోల్టులు. మా ఇన్వర్టరు వెనక యూపీఎస్, నార్మల్ అని చిన్న మీట ఉంది. అది యూపీఎస్ వైపు ఉంది. ఆ మోడ్‌లో వోల్టేజీ 180 దరిదాపులకు దిగగానే ఇన్వర్టరు లైను కరెంటును వదిలేసి బ్యాటరీకి మారుతుంది, పెరగ్గానే వెనక్కు వస్తుంది. రాత్రంతా ఇదే ఊగులాట. నా కంప్యూటరు కూడా దాని లైను మీదే. పైగా మాది పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరు, బ్యాటరీ మీద కరెంటును నున్నటి అలలా కాక చదరపు అలలా ఇస్తుంది. ఫ్యాను గుయ్యిమనేది అందుకే. ఇప్పటి మంచి పవర్ సప్లైల్లో లైను నుంచి కరెంటును నున్నటి అలలా లాగే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూటు ఉంటుంది. వాటికి స్క్వేర్‌వేవ్ సరిపడదు, లోడు ఎక్కువున్నప్పుడు అసలే సరిపడదు. మారే ఆ రెప్పపాటులో పవర్ సప్లై తన కెపాసిటర్లలో మిగిలిన దాంతోనే నెట్టుకురావాలి. కంప్యూటరు పవర్ సప్లైలకుండే ఏటీఎక్స్ ప్రమాణం దానికి ఇచ్చిన గడువు 16, 17 మిల్లీసెకన్లు. లోడు తక్కువుంటే ఇంకాస్త ఎక్కువసేపు ఆగగలదు. వాలరెంట్‌కు ఏమీ కాకపోవడానికి, సైబర్‌పంక్‌కు ఆరిపోవడానికి కారణం అదే. నమ్మకం కుదరక మా తమ్ముడిని మెయిన్ దగ్గర నిలబెట్టి కరెంటు ఆపించాను. మూడుసార్లు వాలరెంట్ మీద, మూడుసార్లు సైబర్‌పంక్ మీద. వాలరెంట్ మూడుసార్లూ నిలబడింది. రెండోది మూడుసార్లూ పోయింది.

ఎలక్ట్రీషియను వచ్చి ఇన్వర్టరుతో సంబంధం లేకుండా మీటరు బోర్డు నుంచి విడిగా లైను లాగి 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టాడు. పనిలో పనిగా, కేబినెట్టు ముట్టుకుంటే కాలికింద బండల మీద జివ్వుమంటోందని చెప్పాను. ఆయన బల్బు హోల్డరుకు రెండు వైర్లు కట్టి ఫేజుకూ న్యూట్రలుకూ పెడితే బల్బు భగ్గుమని వెలిగింది, ఫేజుకూ ఎర్తుకూ పెడితే ఎర్రగా మినుకుమినుకుమంది. పెరట్లో ఎర్త్ గుంత ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంది. బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోశాక బల్బు రెండువైపులా ఒకేలా వెలిగింది. ఈ పరీక్ష మీరు సొంతంగా చేయకండి, పని తెలిసినవాళ్ళతోనే చేయించండి. ఎండాకాలం వారానికి రెండు బిందెల నీళ్ళు ఆ గుంతలో పోస్తున్నాము, జివ్వుమనడం మళ్ళీ లేదు. తర్వాత కంప్యూటరుకు విడిగా ప్యూర్ సైన్‌వేవ్ (నున్నటి అలనిచ్చే) యూపీఎస్ తీసుకున్నాను. వోల్టేజీ తగ్గితే బ్యాటరీకి పోకుండా తనే పెంచి ఇస్తుంది.

2024 జూన్ నుంచి నేటివరకు ఒక్క క్రాషూ లేదు. ఇక కార్డు సంగతి. 1440పీలో రే ట్రేసింగ్ (వెలుతురును, నీడలను నిజంలా లెక్కగట్టే సెట్టింగు) లేకుండా సైబర్‌పంక్ నాకు 80 ఎఫ్‌పీఎస్ పైనే ఇస్తోంది. రే ట్రేసింగ్ పెడితే సగానికి పడుతుంది. అదే ముఖ్యమనుకునేవాళ్ళు ఇంకో కార్డు చూసుకోవాలి. నాకు 16 జీబీ మెమొరీ ఎక్కువ పనికొచ్చింది. రెండు గంటల పెళ్ళి వీడియో 4కే టైమ్‌లైనులో మెమొరీ చాలదన్న మాటే రాలేదు. వీడియోను బాగా కుదించే ఏవీ1 ఎన్‌కోడింగ్ ఉండటంతో ఇంట్లో దాచుకునే కాపీల సైజు తగ్గింది.

వేసవి మాత్రం దీనికి కష్టమే. మే నెల రాత్రి గదిలో 37 డిగ్రీలున్నప్పుడు హాట్‌స్పాట్ 94 చూశాను, ఫ్యాన్ల మోత తలుపు అవతలికి వినిపించింది. ఆ రెండు నెలలూ ఎఫ్‌పీఎస్‌ను 75కి కట్టేస్తాను, హాట్‌స్పాట్ 80 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆటలో నాకు తేడా తెలియదు. ఇంటికి దగ్గర్లో బండలు పాలిష్ పట్టే యూనిట్టు ఉంది. ఆ తెల్లటి సన్నదుమ్ము మూడు నెలలకే కార్డు రెక్కల మధ్య పొరలా పేరుకుంటుంది. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుంటాను. బరువుకు కార్డు చివర కొంచెం వంగుతుంటే వడ్రంగి దగ్గర చిన్న టేకు ముక్క కోయించి కింద నిలబెట్టాను, రెండేళ్ళుగా అదే ఆసరా. థర్మల్ పేస్టు మారిస్తే ఇంకో నాలుగు డిగ్రీలు తగ్గొచ్చని ఉంది గానీ, వారంటీ 2027 జనవరి దాకా ఉంది. అప్పటివరకు స్క్రూ విప్పను.