రెండో అంతస్తు, లిఫ్టు లేదు: నేను వెళ్ళే చర్చికి నా రివ్యూ

ముందు మైకు సంగతి చెప్పేస్తాను. మొదటిసారి వచ్చినవాళ్ళని తరిమేసేది అదే. మా హాలు మొత్తం ఒక పెళ్ళివారి భోజనాల గదంత ఉంటుంది. మామూలు గొంతుతో మాట్లాడినా చివరి వరసకి వినపడుతుంది. అయినా నాలుగు మూలలా నాలుగు బాక్సులు. పాస్టరు గారు గట్టిగా "హల్లెలూయ" అన్నప్పుడల్లా కుయ్యిమని ఒక కూత. కీబోర్డు వాయించే అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. పెద్దవాళ్ళు పాట ఎక్కడ ఎత్తుకున్నా వాడు మాత్రం తనకి వచ్చిన శ్రుతిలోనే వాయిస్తాడు. రెండో చరణానికి అందరూ వాడి దారికే వస్తారు. సౌండుకి ఐదులో ఒకటి.

ఉప్పల్ నుంచి బోడుప్పల్ వెళ్ళే దారిలో ఉంటుంది. కింద స్టీలు సామాన్ల కొట్టు, దాని మీద ట్యూషన్ సెంటరు, ఆ పైన మేము. లిఫ్టు లేదు. మెట్లు ముప్పై నాలుగు అని మోకాళ్ళ నొప్పులున్న ఒక మామ్మగారు లెక్కపెట్టి పెట్టారు, ప్రతి వారం చెప్తారు కూడా. బండ్లు కొట్టు షట్టరు ముందు పెట్టుకోవాలి. ఆదివారం కొట్టు పదకొండున్నరకి తీస్తారు, అప్పటికి వాక్యం, అంటే ప్రసంగం, మధ్యలో ఉంటుంది. ఎవరో ఒక తమ్ముడు తాళాల గుత్తి పట్టుకుని కిందకి పరిగెత్తాల్సిందే. పార్కింగుకి సున్నా. పేరు రాస్తే పాస్టరమ్మ గారు ఊరుకోరు కాబట్టి రాయడం లేదు.

ఇన్ని వంకలు పెట్టి కూడా మూడేళ్ళుగా ఎందుకు వెళ్తున్నానో చెప్పాలంటే, అంతకుముందు వాడిన రెండు సర్వీసుల గురించి చెప్పాలి. "వాడిన" అనే మాట కావాలనే రాశాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె. బాప్టిస్టులం. 2016లో హైదరాబాద్ వచ్చాను, మెడికల్ కోడింగ్‌లో ఉద్యోగం, ఎక్కువగా నైట్ షిఫ్టు. రెండేళ్ళు ఆదివారాలు పడుకున్నాను. తర్వాత రూమ్మేటు ఒక పెద్ద చర్చికి తీసుకెళ్ళింది. అక్కడ అన్నిటికీ ఐదుకి ఐదు ఇవ్వాల్సిందే. ఏసీ, మెత్తటి కుర్చీలు, గేటు దగ్గర జాకెట్లు వేసుకుని బండ్లు నిలబెట్టించే వాలంటీర్లు, పాట సాహిత్యం తెర మీద, పిల్లలకి వేరే హాలు. వాక్యం కూడా నిజంగా బాగుండేది, ఆ నోట్సు ఇప్పటికీ దాచుకున్నాను. పదకొండు నెలలు వెళ్ళాను. నా పక్క కుర్చీలో రెండు వారాలు వరసగా ఒకే మనిషి కూర్చోవడం ఒక్కసారి కూడా చూడలేదు. సర్వీసు అవ్వగానే బయటికి వచ్చేయాలి, తర్వాతి సర్వీసు వాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉంటారు. అది వాళ్ళ తప్పని కూడా అనలేను. జనం అంతమంది.

2019లో మా నాన్న పోయారు. ఊళ్ళో చర్చి గంట కొట్టడం దగ్గర్నుంచి గొయ్యి తవ్వడం, ఆదరణ కూడికకి అరుగుల మీద చాపలు పరచడం దాకా ఎవరు చేశారో కూడా మాకు తెలియనివ్వలేదు. అమ్మ పదిహేను రోజులు పొయ్యి వెలిగించలేదు. నేను సిటీకి తిరిగొచ్చి, ఆ పెద్ద చర్చి ప్రార్థన లైనుకి ఫోన్ చేసి విషయం చెప్పాను. చెప్పేటప్పుడు ఏడ్చాను కూడా. సాయంత్రం మెసేజీ వచ్చింది: మీ ప్రార్థన మనవి అందింది. కింద ఒక నంబరు. గ్యాస్ బుక్ చేస్తే వస్తుందే, అలాంటి నంబరు. వాళ్ళు ప్రార్థన చేసే ఉంటారు, అందులో నాకు అనుమానం లేదు.

తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్. అందరిలాగే నేనూ ఫోన్లో లైవ్ చూడడం మొదలుపెట్టాను. ఆ మూడు నెలలు అది లేకపోతే ఏమైపోయేదాన్నో. అమ్మ అక్కడ, నేనిక్కడ ఒకే వాక్యం వినేవాళ్ళం. కాబట్టి ఆన్‌లైన్ ఆరాధనని తిట్టడానికి నాకు నోరు రాదు. మంచం మీద ఉన్న ముసలివాళ్ళకి, గల్ఫ్‌లో శుక్రవారం తప్ప సెలవు లేనివాళ్ళకి అదే దిక్కు. కానీ జూన్ 8న ప్రార్థనా మందిరాలు తెరవచ్చు అన్నాక కూడా నేను ఫోను వదల్లేదు. మొదట్లో భయం, తర్వాత బద్ధకం. రెండేళ్ళకు పైగా అలాగే. వాక్యం ఒకటిన్నర స్పీడులో వినేదాన్ని. ప్రకటనలు జరిపేసేదాన్ని. కానుక ఫోన్‌పేలో.

నెలలో మొదటి ఆదివారం బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభు భోజనం, ఉంటుంది కదా. లైవ్‌లో పాస్టరు గారు "మీ దగ్గరున్న రొట్టె, రసం సిద్ధం చేసుకోండి" అన్నారు. నా దగ్గరున్నది మేరీ బిస్కెట్లు, డబ్బాలో ద్రాక్ష జ్యూసు. నైటీ మీద చున్నీ వేసుకుని, తలమీద ముసుగు సర్దుకుని, బిస్కెట్టు విరిచాను. తెర మీద అందరూ ఒకేసారి తీసుకున్నారు. నాకు బఫరింగ్ అయి చక్రం తిరుగుతోంది. ఆగాలా, తీసేసుకోవాలా అర్థం కాలేదు. చివరికి తీసుకున్నాను. ఊళ్ళో అయితే బల్ల అయ్యాక అందరం ఒకళ్ళకొకళ్ళం చేతులు జోడించి వందనాలు చెప్పుకుంటాం. అలవాటు కొద్దీ చేతులు జోడించాను. ఎదురుగా ఫ్రిజ్. బిస్కెట్ల ప్యాకెట్టు మొత్తం తినేసి పడుకున్నాను.

మా నాయనమ్మ గుండ్లకమ్మ నది కథ చెప్పేది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతకుముందు రెండేళ్ళు ఘోరమైన కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వే పని ఇప్పించి ఎందరికో కూడు పెట్టారు. బాప్తిస్మానికి గుండ్లకమ్మ నీళ్ళలో దిగినవాళ్ళలో మన వాళ్ళూ ఉన్నారని నాయనమ్మ అనేది. మా ప్రాంతంలో ఆ మాట అనని నాయనమ్మ లేదు, అది వేరే విషయం. కానీ నాకు గుర్తుండిపోయింది ఒకటే. వాళ్ళు ఒక్కొక్కరుగా ఆలోచించుకుని రాలేదు. పల్లెలకి పల్లెలు, చుట్టాలూ పక్కాలూ కూడబలుక్కుని వచ్చారు. మా వాళ్ళకి విశ్వాసం గుంపుగానే వచ్చింది. నేను దాన్ని ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుని వింటున్నాను.

ఈ చర్చికి తీసుకెళ్ళింది మా వీధిలో జాకెట్లు కుట్టే అక్క. కొలత తీసుకుంటూ, మెడలో సిలువ చూసి "ఆదివారం ఎక్కడికెళ్తావమ్మా?" అంది.

"ఫోన్లో చూస్తానక్కా."

టేపు నోట్లోంచి తీసి, "నువ్వు ఫోన్ని చూస్తావు సరే. ఫోను నిన్ను చూస్తదా?" అంది. జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టింది గానీ ఆ మాట మాత్రం సరిగ్గా పట్టింది.

వెళ్ళాను. మూడు వారాలు వెళ్ళి నాలుగో వారం షిఫ్టు అయ్యాక నిద్రపోయాను. మధ్యాహ్నం ఒంటిగంటకి కాలింగ్ బెల్లు. తలుపు తీస్తే పాస్టరమ్మ గారు, జాకెట్ల అక్క. "రాలేదేంటమ్మా, ఒంట్లో బాగుందా?" అంతే, అందుకే వచ్చారు. నిజం చెప్పాలంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. జుట్టు పిచ్చిగా ఉంది, సింకు నిండా గిన్నెలు. కూర్చోమని కూడా సరిగ్గా అనలేదు. వాళ్ళు గుమ్మంలోనే రెండు నిమిషాలు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. తలుపు వేశాక లెక్కేసుకున్నాను. ఈ ఊళ్ళో నేను కనపడలేదని నా మేనేజరు కాకుండా ఇంకొకళ్ళు గమనించడం ఆరేళ్ళలో అదే మొదటిసారి.

2023 ఆగస్టులో పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ అన్నారు. అమ్మకి నడుం పట్టేసి ప్రయాణం చేయలేని పరిస్థితి. నేను ఎవరికీ చెప్పలేదు, అక్కతో ఒక్క మాట అన్నాను. ఆర్టీసీలో రిటైరైన తాతగారు ఒకాయన మా చర్చిలో ఉన్నారు. నాతో అప్పటిదాకా "వందనాలమ్మా" తప్ప ఇంకో మాట మాట్లాడి ఉండరు. ఆయన పొద్దున్న ఎనిమిదికి బిల్లింగు కౌంటరు ముందు కూర్చుని, ఇన్సూరెన్సు అప్రూవల్ వచ్చేదాకా సాయంత్రం ఆరున్నర వరకు అక్కడే ఉన్నారు. మధ్యలో మెషిన్ టీ రెండుసార్లు తాగారట, అది కూడా నర్సు చెప్తే తెలిసింది. రాత్రిళ్ళు స్త్రీల సమాజం వాళ్ళు వంతులు వేసుకున్నారు. క్యారేజీలో మెత్తగా వండిన అన్నం, నూనె లేని చారు. ఇంటికొచ్చిన ఐదో రోజు, నేను చేతులు పైకెత్తలేకపోతుంటే, కూరగాయల బండి పెట్టుకునే ఒకావిడ వచ్చి నా వెనక పీట వేసుకుని కూర్చుంది. కొబ్బరినూనె రాసి, కింద నుంచి పాయలు పాయలుగా తీసి, ఒక గంట సేపు చిక్కు విడదీసింది. ఆవిడ చేతులు బెండకాయల వల్లనో ఏమో గరగరలాడుతున్నాయి. ఏం మాట్లాడలేదు. జడ వేసి, కింద పడ్డ జుట్టు ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసి, "బండి వదిలేసొచ్చాను తల్లీ" అని వెళ్ళిపోయింది.

దీనికి నక్షత్రాలు ఎలా ఇవ్వాలో నాకు తెలియదు. తర్వాతి విషయానికి వెళ్దాం.

ఎందుకంటే ఇదే చర్చిలో ఆరు వారాలు నేను మానేశాను కూడా. కొత్తగా వెళ్ళినవాళ్ళని మనవాళ్ళు మొదట "ఏ ఊరమ్మా?" అంటారు. తర్వాత "ఊళ్ళో ఏ వైపు? చర్చి ఏ పేటలో?" అంటారు. తెలుగు క్రైస్తవులకి ఆ రెండో ప్రశ్న దేనికో విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్తున్నాను, కులం కనుక్కోవడానికి. నాకు సంబంధం చూస్తున్నామని ఉత్సాహపడిన ఒక కుటుంబం, ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పిన వారం నుంచి చల్లబడింది. బల్ల దగ్గర ఒకటే రొట్టె, పెళ్ళి దగ్గర రెండు పేటలు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు, ఇప్పటికీ. ఇక్కడ రెండు నక్షత్రాలు కోసేశాను, తిరిగి ఇచ్చే ఆలోచన లేదు.

ఆ మానేసిన రోజుల్లో పాస్టరమ్మ గారే మళ్ళీ వచ్చారు. సర్దిచెప్పలేదు. "మాలో ఆ పాపం ఉందమ్మా" అని ఊరుకున్నారు. ఆవిడది డోర్నకల్ వైపు. అజరయ్య బిషప్పు గారి కథ చెప్పారు. 1912లో డోర్నకల్ బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. దానికి రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభలో నిలబడి, మీరు బీదలకి ఆస్తులు పంచారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారట. ఆయన అడిగింది దొరల్ని. "ఇప్పుడు మనం మనల్నే అడుక్కోవాల్సొస్తోంది" అన్నారు పాస్టరమ్మ గారు. ఏడో వారం వెళ్ళాను. ఆ కుటుంబం ముందు వరసలో కూర్చుంటుంది, నేను మూడో వరసలో. వందనాలు చెప్పుకుంటాం.

చిన్నచిన్న ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలకి టైము లిమిట్ లేదు, ఒక అంకుల్ తన బోరుబావి కథ నాకు తెలిసి నాలుగుసార్లు చెప్పారు. ప్రార్థన అంశం అని చెవిలో చెప్తే బుధవారం కూడికకల్లా వార్త అయిపోతుంది. నా వయసు ముప్పై నాలుగు అని మెట్ల సంఖ్యతో కలిపి గుర్తుపెట్టుకున్న వాళ్ళున్నారు. గోడ మీద ఫ్లెక్సీలో హెబ్రీ పత్రిక మాట ఉంది, "సమాజముగా కూడుట మానక" అని. దాని పక్కనే ఒకరినొకరు హెచ్చరించుకోవాలని, ప్రేమ చూపడానికి పురికొల్పుకోవాలని ఉంటుంది. మా వాళ్ళకి హెచ్చరించడం బ్రహ్మాండంగా వచ్చు.

భోజనం గురించి రాయకపోతే రివ్యూ కాదు. ఒక్కో ఇంటికీ ఒక గుడ్డ సంచి ఇస్తారు. వంట చేసిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం అందులో వేయాలి. నెలాఖరుకి తెచ్చి పెద్ద డబ్బాలో పోస్తారు. కొంత ఇద్దరు విధవరాళ్ళకి వెళ్తుంది, మిగిలింది ప్రేమ విందుకి డాబా మీద వండుతారు. మా ఊరి వాళ్ళు పలావు అంటారు, జనగామ వైపు వాళ్ళు బగారా అంటారు, అల్లం ఎంత వేయాలని ప్రతిసారీ తగువే. కోడికూర బాగుంటుంది. అన్నం మాత్రం ఎప్పుడూ కుదరదు. ఒకరు సోనా మసూరి తెస్తారు, ఒకరు రేషన్ బియ్యం, ఒకరు ఊరి నుంచి వచ్చిన కొత్త బియ్యం. అన్నీ ఒకే డబ్బాలో కలిసిపోయాక ఎసరు ఎవరి లెక్కన పెట్టాలి? కొన్ని మెతుకులు పలుకు, కొన్ని ముద్ద. వండే ఆవిడకి ప్రతిసారీ టెన్షన్. ఇప్పటిదాకా గిన్నెలో మిగిలిపోవడం మాత్రం నేను చూడలేదు. ఐదుకి నాలుగు.

మొత్తానికి మూడున్నర ఇస్తున్నాను. ఆరాధన తొమ్మిదిన్నరకి అని బోర్డు మీద ఉంటుంది, పదింటికి వెళ్ళినా ఏం కాదు. మంచినీళ్ళు మీరే తెచ్చుకోండి. ఎడమవైపు రెండో ఫ్యాను కింద కూర్చోవద్దు, ఊగుతుంది. మూడు వారాలు వచ్చి నాలుగో వారం డుమ్మా కొట్టేవాళ్ళు మాత్రం ఆ రోజు మధ్యాహ్నానికి కాస్త తల దువ్వుకుని, గిన్నెలు కడుక్కుని ఉండండి.