‘వేరుపురుగును తట్టుకునే’ మొక్కజొన్న విత్తనం: గుంటూరు కొట్లో కొనేముందు
4 కిలోల సంచి, ఎకరాకు రెండు పడతాయి. మొలకకు వంక లేదు. పేచీ అంతా సంచి మీది ‘వేరుపురుగును తట్టుకుంటుంది’ అన్న ముక్కతోనే. ఆ గుణం కోసం రకాలు ఎంచే పని (బ్రీడింగ్) ఎక్కువగా జరిగింది అమెరికా రూట్‌వార్మ్ మీద, అంటే అక్కడ మొక్కజొన్న వేళ్ళు తినే పెంకుపురుగు పిల్ల మీద. మన చేలల్లో వేళ్ళు కొరికేది కొడవలిలా వంగిన తెల్ల పురుగు, చెదలు. దానికి ఎంచిన గుణం వీటికీ పనిచేయాలని లేదు.

ఆ మాట నిజమో కాదో చూడాలంటే, కంకికి పీచు వచ్చే దశలో పది మొక్కలు మట్టిగడ్డతో తవ్వి, బకెట్‌లో నానబెట్టి కడగండి. ఒక కణుపు చుట్టూ వేళ్ళన్నీ కాండానికి 4 సెంటీమీటర్ల లోపే తెగితే నష్టం మార్కు 1, మూడు కణుపులు పోతే 3. పక్కనే మామూలు రకం సాలు ఉండాలి. రెంటికీ మందు పట్టించని గింజే వేయాలి. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పూసిన ఎర్ర గింజైతే ఘనత రకానిదో మందుదో తేలదు. ఈ సంచిలోది ఎర్ర గింజే! కొత్త వేళ్ళు గుబురుగా తొడిగితే అది తట్టుకోవడమే, పురుగును ఆపడం కాదు. మొలకకు నాలుగు చుక్కలు, సంచి మీది ఆ మాటకు ఒకటి.