ఇన్‌స్టేట్ ట్యూషన్ వార్త: జాతీయ టీవీ, రాష్ట్ర పత్రిక, కోర్టు ఉత్తర్వు... ఏది మేలు?

2025 జూన్ 4న టెక్సస్‌లో ఒక్క రోజే మూడు పనులు జరిగాయి. వలస పత్రాలు లేని విద్యార్థులకు కూడా ఇన్‌స్టేట్ ట్యూషన్ (ఆ రాష్ట్రం వాళ్లు కట్టే తక్కువ ఫీజు) ఇస్తున్న 2001 నాటి టెక్సస్ చట్టంపై అమెరికా న్యాయశాఖ దావా వేసింది. రాష్ట్ర ప్రభుత్వం ఎదురు వాదించకుండా ఒప్పుకుంది. ఆ ఒప్పందాన్నే ఫెడరల్ జడ్జి రీడ్ ఓకానర్ ఉత్తర్వుగా ఇచ్చారు: చట్టబద్ధంగా దేశంలో లేనివారికి ఆ రేటు వర్తించదని. దీన్ని ఎక్కడ చదివితే అసలు సంగతి తెలుస్తుంది?

జాతీయ టీవీ ముందుగా చెబుతుంది, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ "చట్టాన్ని జడ్జి కొట్టేశారు" అన్న ఒక్క మాటతో సరిపెడితే, రెండు పక్షాలు హోరాహోరీగా వాదించుకున్నాయనిపిస్తుంది. ఇక్కడ వాదనే జరగలేదు. చట్టం రద్దుకు తెచ్చిన బిల్లు గట్టెక్కకుండానే శాసనసభ సమావేశాలు జూన్ 2న ముగిశాయి. రెండు రోజులకే దావా పడింది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టని కథనం సగం కథనమే.

టీవీ చర్చల్లో ఇంకో పెద్ద తప్పు "ఉచిత చదువు" అనడం. ఇన్‌స్టేట్ అంటే ఫీజు మాఫీ కాదు, ఆ రాష్ట్రం వాళ్లు కట్టే రేటు. పత్రాలు లేనివారికి ఫెడరల్ ఆర్థిక సాయం అసలే లేదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో 2024-25లో బయటి రాష్ట్రం విద్యార్థి అదనంగా కట్టాల్సింది 34,200 డాలర్లు. గొడవంతా ఆ తేడా గురించే.

"పొరుగు రాష్ట్రపు పౌరుడికి ఎక్కువ, వీళ్లకు తక్కువా?" అన్న ప్రశ్న న్యాయంగానే వినిపిస్తుంది. నివాసాన్ని బట్టి అలాంటి మేలు చేయకూడదని 1996 ఫెడరల్ చట్టం చెబుతోంది కూడా. అయితే కాలిఫోర్నియాలో ఇలాంటి సదుపాయం ఇచ్చే ఏబీ 540 చట్టం నివాసాన్ని కాదు, చదువును చూస్తుంది: మొదట పెట్టిన షరతు, అక్కడి హైస్కూల్లో మూడేళ్లు చదివి పాసై ఉండాలని. అలా చదివి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన పౌరుడికీ అది వర్తిస్తుంది. అందుకే 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు కింద నాలుగేళ్ల చదువును బట్టి స్థానికత తేల్చడం చూసిన మనకు ఈ లెక్క కొత్త కాదు. టెక్సస్ చట్టం మాత్రం హైస్కూలు పూర్తికి ముందు మూడేళ్లు రాష్ట్రంలో నివాసం ఉండాలని రాసుకుంది. కీలకమైన తేడా అదే. రెండు రాష్ట్రాలనూ ఒకే గాటన కట్టే చర్చలో అది కనిపించదు. ఫ్లోరిడా దారి ఇంకొకటి: 2014లో ఇచ్చిన సదుపాయాన్ని శాసనసభే 2025 జులై 1 నుంచి తీసేసింది.

రాష్ట్ర పత్రికల విద్యా విలేకరులు, ముఖ్యంగా టెక్సస్ ట్రిబ్యూన్ లాంటివి, ఎవరికి ఎంత బిల్లు వస్తుందో, ఏ కాలేజీ ఏం చెబుతోందో ఆరా తీస్తాయి. "చట్టబద్ధంగా దేశంలో ఉన్నవారు" ఎవరో ఉత్తర్వు విడమర్చలేదనీ, కాలేజీలు తికమకపడుతున్నాయనీ తెలిసింది ఇలాంటి కథనాల వల్లే. లోపమూ ఉంది: ఒక విద్యార్థి కష్టంతో మొదలై, చట్టం సంగతి ఎక్కడో అడుగున వస్తుంది. చివరిదాకా చదవాల్సిందే.

ఉత్తర్వు ప్రతి చిన్నదే, కచ్చితమైనది. ఏ పదం ఎవరికి వర్తిస్తుందో అక్కడే చూడాలి. కాలేజీ రేపు ఏం చేస్తుందో మాత్రం అది చెప్పదు.

మాటల విషయానికొస్తే, అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2013లోనే మనుషుల్ని "అక్రమ" అనడం మానేసింది. తెలుగు మీడియా ఇంకా మానలేదు. "వలస విద్యార్థులకు దెబ్బ" అన్న శీర్షిక అయితే టెక్సస్‌లోని ఇర్వింగ్, ఫ్రిస్కో నగరాల తెలుగు ఇళ్లలో అనవసరంగా గుబులు పుట్టిస్తుంది. 21 నిండి హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) పోయి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారిన పిల్లలు చట్టబద్ధంగానే ఉన్నారు. ఉత్తర్వు చట్టబద్ధంగా లేనివారి గురించి.

కాబట్టి ముందు రాష్ట్ర విలేకరి, తర్వాత ఉత్తర్వు, ఆఖరున టీవీ. మీ ఇంటి బిడ్డ సంగతైతే రిజిస్ట్రార్ ఆఫీసులో రెసిడెన్సీ చూసేవారికి ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. టెక్సస్‌లో సెన్సస్ తేదీ (కాలేజీ చేరికలు లెక్కించే రోజు), అంటే మామూలు సెమిస్టర్లలో పాఠాలు జరిగే రోజుల్లో 12వది, దాటకముందే అడగాలి.