కమ్యూనికేషన్ ఉపగ్రహానికి ఏ ఇంజిన్ మేలు: కెమికలా, ఎలక్ట్రికా, రెండూ కలిపా?

2025 నవంబర్‌లో 4,410 కిలోల కమ్యూనికేషన్ ఉపగ్రహం సీఎంఎస్-03 శ్రీహరికోట నుంచి ఎగిరింది. అప్పటి నుంచీ ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది: ఇంధనం మండించే కెమికల్ ఇంజిన్‌కి బదులు, కరెంటుతో అయాన్లని వెనక్కి తోసే ఎలక్ట్రిక్ ప్రొపల్షన్ పెడితే ఉపగ్రహం బరువు సగానికి దగ్గరగా తగ్గుతుందంటారు కదా, మరి అందరూ దానికే ఎందుకు మారలేదు? బరువు తగ్గే మాట నిజమే. కానీ బరువు తగ్గినంత మాత్రాన డబ్బు మిగలదు. ఈ చిన్న తేడా దగ్గరే చాలామంది తడబడతారు.

ముందు లెక్క. ఇస్రో వాడే లామ్ (లిక్విడ్ అపోజీ మోటర్) అనే కెమికల్ ఇంజిన్ థ్రస్ట్, అంటే తోపు, 440 న్యూటన్లు; ఐఎస్‌పీ, అంటే ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత, సుమారు 320 సెకన్లు. ఉపగ్రహాన్ని జీటీవో (రాకెట్ వదిలిపెట్టే కోలాకారపు కక్ష్య) నుంచి భూస్థిర కక్ష్యకి (ఉపగ్రహం భూమి మీద ఒకే చోటికి ఎదురుగా నిలిచే కక్ష్య) చేర్చడానికి కావలసిన డెల్టా-వీ, అంటే వేగంలో మార్పు, ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరితే సెకనుకు 1,500 మీటర్లు, అమెరికాలోని కేప్ కెనావరల్ నుంచి అయితే 1,800. శ్రీహరికోట నుంచి వెళ్లే జీటీవో భూమధ్యరేఖతో చేసే వంపు 21 డిగ్రీల చుట్టూ ఉంటుంది కాబట్టి మనకి 1,680 దాకా పడుతుంది. ఆ పైన స్టేషన్ కీపింగ్‌కి (ఉపగ్రహాన్ని తన చోట నిలిపి ఉంచడానికి) ఏడాదికి 50 చొప్పున పదిహేనేళ్లకి 750.

ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 మీద సరిగ్గా 4,000 కిలోల కెమికల్ ఉపగ్రహం పెట్టామనుకోండి. భూస్థిర కక్ష్య చేరేసరికి మిగిలేది 2,340 కిలోలు. పదిహేనేళ్ల స్టేషన్ కీపింగ్ ఇంధనం తీసేస్తే ఉపగ్రహం ఒంటి బరువు 1,800. అంటే రాకెట్ మోసినదాంట్లో సగానికి పైగా ఇంధనమూ ఆక్సిడైజరే.

అదే 4,000 కిలోల్లో హాల్ థ్రస్టర్లు (ఒక రకం ఎలక్ట్రిక్ ఇంజిన్లు) పెడితే? ఐఎస్‌పీ 1,700 అనుకుందాం. మెల్లగా సుడి తిరుగుతూ పైకి వెళ్లాలి కాబట్టి డెల్టా-వీ పెరుగుతుంది, 2,400 వేసుకోండి. స్టేషన్ కీపింగ్ కూడా కలిపి ఇంధనంగా వాడే జెనాన్ వాయువు 700 కిలోలకి మించదు. ఒంటి బరువు 3,300. పవర్ ప్రాసెసింగ్ యూనిట్లు, మందమైన కవర్ గ్లాస్ వేసిన సోలార్ ప్యానెళ్లు అందులోంచి కొంత తినేస్తాయి. అయినా టన్నుకి పైగా చేతికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. రాకెట్‌ని కందిపప్పులాగా కిలోల లెక్కన అమ్మరు. అది లారీ కిరాయి. ఎనిమిది టన్నుల లారీలో ఐదు టన్నులే వేసినా కిరాయి తగ్గదు. 5,000 కిలోల ఉపగ్రహాన్ని 3,000కి దించి, మళ్లీ అదే ఫాల్కన్-9 మీద ఒంటరిగా పంపితే ప్రయోగం ఖర్చులో మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. నెమ్మదిగా పైకి ఎక్కడం వల్ల ఆరు నెలల ఆలస్యం మాత్రం మిగులుతుంది. తగ్గిన బరువు విలువైనది అయ్యేది మూడు సందర్భాల్లోనే: చిన్న లారీతో పని జరిగితే, అదే లారీలో ఇద్దరు సర్దుకుంటే, లేదా మిగిలిన చోట డబ్బు సంపాదించే పేలోడ్ (సిగ్నళ్లు అందుకుని పంపే పరికరాలు) పెట్టగలిగితే.

బోయింగ్ వారి ఆల్-ఎలక్ట్రిక్ ఉపగ్రహం 702ఎస్‌పీ కథ రెండో రకం. 2012లో ఏబీఎస్, సాట్‌మెక్స్ అనే రెండు ఉపగ్రహ కంపెనీలు కలిసి నాలుగు ఉపగ్రహాలు ఆర్డర్ చేశాయి. వాటిలో మొదటి రెండు, ఏబీఎస్-3ఏ, యూటెల్‌శాట్ 115 వెస్ట్ బీ, 2015 మార్చిలో ఒకే ఫాల్కన్-9 మీద ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి వెళ్లాయి. రెండూ కలిపి 4,200 కిలోలు దాటలేదు. కిరాయి సగం సగం. ఆల్-ఎలక్ట్రిక్ ఉపగ్రహానికి బేరం కుదిరింది అక్కడ. అదే ఉపగ్రహం ఒంటరిగా వెళ్లి ఉంటే అంత పేరు వచ్చేది కాదు.

మన దగ్గర పెద్ద లారీ ఒక్కటే: ఎల్‌వీఎం3, జీటీవోకి 4 టన్నులు. జీశాట్-11 బరువు 5,854 కిలోలు, అందుకే 2018లో కౌరూ వెళ్లి ఏరియాన్-5 ఎక్కాల్సి వచ్చింది. 4,700 కిలోల జీశాట్-ఎన్2 2024 నవంబర్‌లో కేప్ కెనావరల్ నుంచి ఫాల్కన్-9 మీద పోయింది. సీఎంఎస్-03ని ఇక్కడి నుంచే పంపినా, అపోజీని (కక్ష్యలో భూమికి అత్యంత దూరపు బిందువుని) 30,000 కిలోమీటర్ల దగ్గరే ఆపి, మిగతా ఎత్తు ఎక్కే పని ఉపగ్రహం మీదే వేశారు. 4 టన్నుల గీత దాటిన ప్రతిసారీ ఏదో ఒక రూపంలో ఖర్చు పడుతూనే ఉంది. పైన వేసిన లెక్కలోని 3,300 కిలోల ఒంటి బరువు ఆ గీతకి లోపలే ఉండటం ఎంత పెద్ద విషయమో చూడండి. శ్రీహరికోట నుంచి వెళ్లే పెద్ద బ్రాడ్‌బ్యాండ్ ఉపగ్రహానికి నా ఓటు ఎలక్ట్రిక్‌కే.

అలాగని ఆరు నెలల ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోలేం. 440 న్యూటన్ల లామ్ మొత్తం మీద మూడుంపావు గంటలు మండితే పైన చెప్పిన 4,000 కిలోల ఉపగ్రహం గమ్యం చేరుతుంది. మూడు నాలుగు విడతలుగా పేల్చినా వారం పది రోజుల పని. హాల్ థ్రస్టర్ సంగతి వేరు. ఎస్‌పీటీ-140 నాలుగున్నర కిలోవాట్లు తీసుకుని ఇచ్చే థ్రస్ట్ 290 మిల్లీన్యూటన్లు, అరచేతిలో ఓ నిమ్మకాయ పెట్టుకుంటే తెలిసే బరువంత. అలాంటివి రెండు కలిసి నాలుగు టన్నుల్ని తోయాలి. 300 మిల్లీన్యూటన్లవి రెండు పెట్టినా, గ్రహణాల్లో ఆగే సమయం లెక్కలోకి తీసుకోకుండానే 170 రోజులు. అనుభవంలో తేలింది కూడా అంతే. ఏబీఎస్-3ఏకి ఆరు నెలలు పట్టింది. 2017 జూన్‌లో ఎగిరిన యూటెల్‌శాట్ 172బీ నాలుగు నెలల్లో చేరి రికార్డు కొట్టింది. దాని థ్రస్టర్లు రోబోటిక్ చేతుల చివర ఉంటాయి కాబట్టి, థ్రస్ట్‌ని కావలసిన వైపుకి తిప్పుకుంది.

ఆ ఆరు నెలల్లో వచ్చే నష్టం అందరికీ ఒకటి కాదు. కొత్త మార్కెట్‌కి వెళ్లే ఉపగ్రహమైతే అప్పు మీద వడ్డీ, రావలసిన అద్దె. పాత ఉపగ్రహం ఇంధనం అయిపోతున్న చోటికి వెళ్లేదైతే టీవీ ఛానెళ్లు ఆగిపోయే ప్రమాదం. అన్నిటికన్నా గట్టిది ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) గడువు. కక్ష్యలో చోటు కోసం ఫైలింగ్ చేసిన ఏడేళ్లలోగా ఆ స్లాట్‌లో ఉపగ్రహాన్ని నిలిపి 90 రోజులు వరసగా ఉంచాలి. నడుస్తున్న స్లాట్ ఖాళీ అయితే హక్కుని ఆపి ఉంచుకోగలిగేది (సస్పెన్షన్) మూడేళ్లే. తయారీలో ఏడాది ఆలస్యం ఈ రంగంలో మామూలే. ఆ పైన ఆరు నెలల ప్రయాణం పడితే హక్కే పోవచ్చు. గడువు ఏడాదిలోపు ఉంటే ఇంకో ఆలోచన లేదు, కెమికలే.

కరెంటు గురించి ఒక మాట, దీన్ని చాలామంది తలకిందులుగా చెబుతారు. థ్రస్టర్లకి పది కిలోవాట్లు ఎక్కడి నుంచి తెస్తారని అడుగుతారు. కక్ష్య ఎక్కేటప్పుడు పేలోడ్ నిద్రలో ఉంటుంది. 15, 20 కిలోవాట్ల బ్రాడ్‌బ్యాండ్ ఉపగ్రహంలో ఆ కరెంటంతా ఉచితమే. చిన్న టీవీ ఉపగ్రహంలో మాత్రం థ్రస్టర్ల కోసమే ప్యానెళ్లు పెంచాలి, అక్కడ ఎలక్ట్రిక్ గిట్టదు. సాఫ్ట్‌వేర్‌తో బీమ్‌లు మార్చుకునే పేలోడ్లకి ఎలాగూ ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి, ఆ వైపు వెళ్తున్న తయారీదారులు ఎలక్ట్రిక్ వైపు కూడా వెళ్తున్నారు.

ఇక ఏది చెడిపోతుంది, ఎందుకు చెడిపోతుంది. కెమికల్ వ్యవస్థ నమ్మకమైనదని పేరు. కానీ దాని తలరాత మొత్తం ఒకటి రెండు వాల్వుల చేతిలో ఉంటుంది. 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 చూడండి. అది నావిగేషన్ ఉపగ్రహమే అయినా ప్రొపల్షన్ అమరిక ఇదే రకం. ఆక్సిడైజర్‌ని లోపలికి వదిలే వాల్వు తెరుచుకోలేదు. ఇంధనం నిండుగా ఉన్నా లామ్ మండలేదు, ఉపగ్రహం కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలోనే ఉండిపోయింది.

దీనికి అద్దం పట్టినట్టు ఇంకో ఉదాహరణ ఉంది. 2010 ఆగస్టులో అమెరికా సైనిక ఉపగ్రహం ఏఈహెచ్ఎఫ్-1లో కూడా ప్రధాన కెమికల్ ఇంజిన్ పని చేయలేదు. కానీ అందులో హాల్ థ్రస్టర్లు కూడా ఉన్నాయి. ముందు చిన్న హైడ్రజీన్ (కెమికల్) థ్రస్టర్లతో పెరిజీ (కక్ష్యలో భూమికి అత్యంత దగ్గరి బిందువు) పెంచి, ఆ తర్వాత హాల్ థ్రస్టర్లతో నెలల తరబడి తోసి, 2011 అక్టోబర్‌కి స్లాట్‌కి చేర్చారు. 14 నెలలు. ఆ మరుసటి ఏడాదే 702ఎస్‌పీ ఆర్డర్ వచ్చింది. ఎలక్ట్రిక్‌తో అంత దూరం ఎక్కొచ్చని కళ్లారా చూశాక కొనేవాళ్ల భయం తగ్గడం సహజమే.

ఎలక్ట్రిక్ ఒక్కసారిగా చావదు, నెమ్మదిగా అరుగుతుంది. హాల్ థ్రస్టర్‌లో బోరాన్ నైట్రైడ్ గోడని అయాన్లు గీరుతూ పోతాయి. ఇంకో రకం ఎలక్ట్రిక్ అయిన అయాన్ ఇంజిన్‌లో గ్రిడ్ల మధ్య సందు మిల్లీమీటరు లోపే, అక్కడ లోహపు పొట్టు తునక ఇరుక్కుంటే షార్ట్. బోయింగ్ 601హెచ్‌పీ ఉపగ్రహాల్లో తొలి తరం జిప్స్ అయాన్ థ్రస్టర్లు 2000ల మొదట్లో వరసగా పోయాయి. గెలాక్సీ 8ఐ లాంటివి వెనక ఉన్న కాస్త కెమికల్ ఇంధనంతో నెట్టుకొచ్చాయి, ఆయుష్షు మాత్రం తగ్గిపోయింది. అందుకే ఆల్-ఎలక్ట్రిక్ కొనేటప్పుడు అడగాల్సింది ఐఎస్‌పీ కాదు, లైఫ్ టెస్ట్ గంటలు. ఆరు నెలల ఎక్కుడే నాలుగు వేల గంటలు దాటుతుంది, ఆ తర్వాత పదిహేనేళ్ల స్టేషన్ కీపింగ్ మిగిలే ఉంటుంది. ఇస్రో తన 300 మిల్లీన్యూటన్ల థ్రస్టర్‌కి 2025 మార్చిలో 5.4 కిలోవాట్ల దగ్గర 1,000 గంటల పరీక్ష పూర్తి చేసింది. మంచి మొదలు, కానీ ఇంకా దూరం ఉంది.

రేడియేషన్ కూడా మర్చిపోకూడదు. నెలల తరబడి భూమి చుట్టూ ఉండే వాన్ అలెన్ రేడియేషన్ పట్టీల్లో తిరిగితే సోలార్ సెల్స్ పనిలోకి దిగకముందే కొంత శక్తి పోగొట్టుకుంటాయి. అందుకే ముందు పెరిజీని పైకి లేపి, ప్రోటాన్ల పట్టీ నుంచి త్వరగా బయటపడేలా దారి గీస్తారు. గ్రౌండ్ స్టేషన్ వాళ్లకీ రోజూ పనే: కక్ష్య నిరంతరం మారుతూ ఉంటుంది, దారిలో అడ్డొచ్చే వస్తువుల్ని తప్పించాలి.

జెనాన్ ఇంకో తలనొప్పి. గాలిలో వంద కోట్ల అణువులకి 87 మాత్రమే జెనాన్. పెద్ద ఉక్కు కర్మాగారాల ఆక్సిజన్ ప్లాంట్లలో ఉప ఉత్పత్తిగా వస్తుంది, కావాలన్నప్పుడు ఉత్పత్తి పెంచడం కుదరదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ధర ఎగిరింది. స్టార్‌లింక్ మొదటి నుంచీ జెనాన్‌ని వదిలి క్రిప్టాన్‌తో మొదలుపెట్టి, 2023లో వీ2 మినీ ఉపగ్రహాలతో ఆర్గాన్‌కి మారడం వెనక ఉన్నది ఇలాంటి ఖరీదు, కొరతలే. భూస్థిర ఉపగ్రహాలు మాత్రం ఇంకా జెనాన్‌నే పట్టుకుని ఉన్నాయి, వాటికి ట్యాంకు చిన్నదిగా ఉండటం ముఖ్యం.

రెండూ కలిపిన హైబ్రిడ్? ఎక్కడానికి కెమికల్, నిలవడానికి ఎలక్ట్రిక్. తన 1300 ప్లాట్‌ఫారం మీద అమెరికా తయారీ సంస్థ ఎస్‌ఎస్‌ఎల్ 2004 నుంచే ఇలా చేసింది. 2017 మే నాటి జీశాట్-9లో మనవాళ్లూ ఎలక్ట్రిక్‌ని చేర్చారు. 750 మీటర్ల స్టేషన్ కీపింగ్ ఇంధనం చాలావరకు మిగులుతుంది, ఆలస్యం ఉండదు. రెండు రకాల ట్యాంకులు, పైపులు, పరీక్షలు మోయాలి, ఖర్చు ఎక్కువే. పెద్ద లారీ దొరికి, తొందర కూడా ఉన్నవాళ్లకి ఇదే సరైనది. 2023 జులైలో ఫాల్కన్ హెవీ మీద వెళ్లిన 9,200 కిలోల జూపిటర్-3 లాంటి వాటికి కిలోల లెక్క రెండో మాట.

చిన్న భూస్థిర ఉపగ్రహాలు వేరే బేరం. ఆస్ట్రానిస్ తయారు చేసే కొన్ని వందల కిలోలవి ఒకే రాకెట్ మీద నాలుగు వెళ్తాయి, ఎలక్ట్రిక్ లేకుండా అది కుదరదు. భూమికి దగ్గరి కక్ష్యలో (లియో) గుంపుగా తిరిగే కాన్‌స్టెలేషన్లలో ఈ ప్రశ్న పెద్దగా రాదు, అక్కడ చాలావరకు ఎలక్ట్రికే. డబ్బు పోసి నేరుగా పైకి చేర్చుకోవడం మరో దారి: వయాశాట్-3 మొదటి ఉపగ్రహం కోసం ఫాల్కన్ హెవీ మూడు బూస్టర్లనూ వదులుకున్నారు, అది వారాల్లో చేరింది. తర్వాత యాంటెన్నా రిఫ్లెక్టర్ సరిగ్గా విచ్చుకోలేదు, అది వేరే బాధ.

2010ల మొదట్లో ఏటా ఇరవై దాకా ఉన్న వాణిజ్య భూస్థిర ఆర్డర్లు 2017కి పది లోపుకి పడిపోయాయి, తర్వాతా పాత రోజులు తిరిగి రాలేదు. ఎయిర్‌బస్, థాలెస్, లియోనార్డో తమ అంతరిక్ష వ్యాపారాల్ని కలపడానికి 2025 అక్టోబర్‌లో ఒప్పుకున్నది ఈ కరువులోనే. ఆర్డర్లు తగ్గినప్పుడు కొనేవాడి మాట చెల్లుతుంది. ఎలక్ట్రిక్ కొంటే డబ్బు చెల్లింపుని ప్రయోగం తేదీకి కాకుండా స్లాట్‌లో చేరి పరీక్షలు ముగిసే తేదీకి ముడిపెట్టమని అడగండి. ఆరు నెలల రిస్కు తయారీదారు నెత్తిన కూడా ఉంటే థ్రస్టర్ నాణ్యత దానంతటదే మెరుగవుతుంది.

హైదరాబాద్‌కి చెందిన అనంత్ టెక్నాలజీస్ 4 టన్నుల భూస్థిర ఉపగ్రహంతో 2028 నుంచి 100 జీబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడానికి అంతరిక్ష రంగ అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి తీసుకుంది. 4 టన్నులంటే ఎల్‌వీఎం3 గీత మీదే ఉంది. కెమికల్ అయితే ఆ బరువులో ఒంటికి దక్కేది 1,800 కిలోలు. ఎలక్ట్రిక్ అయితే పేలోడ్‌కి చోటు బాగానే దొరుకుతుంది, కానీ సేవలు మొదలయ్యే తేదీకి ఏడెనిమిది నెలల ముందే రాకెట్ ఎగిరి ఉండాలి.